గొట్టం మీద జవాబు

సోస్నోవ్కాలో ఐదంతస్తుల ఇళ్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. రష్యాలోని పెర్మ్ నగరంలో పనిచేసేవాళ్లకు కామా నది అవతల తలదాచుకునే చోటొకటి కావాలని, అరవై ఏళ్ల కిందట కాంక్రీటు పలకలు తెచ్చి నిలబెట్టి, సందుల్లో తారు పూసి వెళ్లిపోయారు. ముందు రైలు యార్డు, వెనక పైన్ చెట్ల అడవి, అడవి దాటితే శ్మశానం. సోస్నోవ్కా మనిషి యార్డులో బయల్దేరి అడవి అవతల దిగుతాడని ఇక్కడొక ఎకసెక్కం ఉంది. చెప్పేవాళ్లూ నవ్వుతారు, వినేవాళ్లూ నవ్వుతారు, ఆఖరికి అందరూ అక్కడే దిగుతారు.

పలకల గోడలు కాబట్టి పైఇంట్లో తుమ్మితే కిందింటివాళ్లు దీవించవచ్చు. గోడలకు చెవులుంటాయని వేరే ఊళ్లలో సామెతగా చెప్పుకుంటారేమో గానీ ఇక్కడ గోడలకు నోరు కూడా ఉంది. ఆ నోరు పేరు గొట్టం. ప్రతి వంటింట్లోనూ కిటికీ పక్కన నేలనుంచి కప్పుదాకా ఒక లావుపాటి ఇనప గొట్టం వెళ్తుంది. చలికాలం ఎనిమిది నెలలూ అందులో వేడినీళ్లు తిరుగుతుంటాయి, ఇళ్లను బతికించేది అదే. ఐదంతస్తులకూ అదే ఒక్క గొట్టం. ఎవరింట్లోనన్నా గోల ఎక్కువైతే మెట్లెక్కి వెళ్లి తలుపుతట్టి, మొహాలు చూసుకుని పోట్లాడే ఓపిక ఎవరికుంది? చెంచా తీసుకుని గొట్టం మీద నాలుగు వాయిస్తారు. నోరు మూసుకోండి అని దానర్థం. ఎవరు కొట్టారో, ఎవరిని కొట్టారో గొట్టం చెప్పదు. అందుకని చప్పుడు వినగానే తప్పున్నవాడూ లేనివాడూ అందరూ గొంతు తగ్గిస్తారు. ఇది ఎక్కడా రాసిపెట్టిన చట్టం కాదు. పాలు తాగే పిల్లాడికి కూడా తెలుసు.

పదిహేడో నంబరు ఇంట్లో మూడో అంతస్తు మనిషి రిమ్మా. ఆమె సంగతి చెప్పాలంటే ముందు ఆమె చెవి సంగతి చెప్పాలి. యార్డులో ముప్ఫైనాలుగేళ్లు ఆమె చక్రాలు చూసింది. చూడటమంటే కళ్లతో కాదు. పొడుగు పిడి ఉన్న సుత్తి పట్టుకుని, ఆగిన గూడ్సు బండి పొడుగునా నడుస్తూ, ఒక్కో చక్రాన్ని ఒక్కో దెబ్బ కొట్టి వినడం. మంచి చక్రం మోగుతుంది. లోపల పగులున్న చక్రం మూలుగుతుంది. మంచులోనైనా, ముసురులోనైనా, పక్క పట్టాల మీద ఇంకో బండి పోతున్నా, ఆ మూలుగు రిమ్మాకు దొరికేది.

ఒకసారి నూనె టాంకుల బండిని ఆపేసింది. అరవై టాంకులు. షిఫ్టు పెద్ద ఒంటికాలి మీద లేచాడు. "ఏం పిల్లా, నీ చెవిలో ఈగ దూరిందా? బండి లేటయితే నీ తాత వస్తాడా జవాబు చెప్పడానికి?" అన్నాడు. "మా తాత రాడు గానీ, చక్రం విప్పించండి. పగులు లేకపోతే ఈ సుత్తితో నా తలే కొట్టండి" అంది రిమ్మా. విప్పారు. వెంట్రుకవాసి పగులు, లోపలికి నాలుగు వేళ్ల లోతు. ఆ రోజునుంచి యార్డులో ఏదైనా తేలని తగాదా వస్తే రిమ్మా చెవికి పట్టండి అనేవాళ్లు. ఉద్యోగం దిగేనాడు కూడా గడియారాలూ దుప్పట్లూ కాకుండా ఆ సుత్తినే తుడిచి, వార్నీషు పూసి చేతికిచ్చారు. భర్త వాదిమ్ ఉన్నప్పుడు దాన్ని గోడకు తగిలించాడు. ఆయన పోయి పన్నెండేళ్లయింది. పిల్లలు లేరు. ఒంటరి ఇంట్లో ఆ సుత్తితో బాల్కనీ మీద గడ్డకట్టిన మంచు పగలగొట్టుకుంటూ, ఆ చెవి గొప్పే తలుచుకుంటూ బతుకుతోంది.

అయితే బండ్ల మధ్య ముప్ఫైనాలుగేళ్లు తిరిగిన చెవి ఊరికే ఉంటుందా. డెబ్భై దాటేసరికి మనుషుల మాటలు మసకబారాయి. ఇనుము పలికితే ఇప్పటికీ గుర్తుపడుతుంది, మనిషి పలికితే మాత్రం "ఆ?" అంటుంది. ఆ ముక్క ఒప్పుకోదు. టీవీలో వాళ్లే ఈ మధ్య నోట్లో నోట్లో గొణుగుతున్నారని ఆమె వాదం. అందుకని టీవీ గొంతు పెంచుతుంది, కిందింట్లో కాపా గొట్టం కొడుతుంది. ఏడేళ్లుగా వాళ్లిద్దరి మధ్యా నడిచిన స్నేహమన్నా, శత్రుత్వమన్నా అదే.

కాపా పూర్తి పేరు కపితోలీనా. బళ్లో లెక్కల పంతులమ్మగా చేసింది. ఆ మెట్లదారిలో ఉన్నవాళ్లలో సగంమంది ఆమె దగ్గర చెవి మెలిపెట్టించుకున్నవాళ్లే. పింఛను మీదికొచ్చాక క్లాసు లేదు కాబట్టి మెట్లదారినే క్లాసు చేసుకుంది. ఆమె గొట్టం కొట్టడంలో కూడా లెక్కుండేది. ఒక దెబ్బయితే మాటలు తగ్గించండి, మూడయితే టీవీ, అయిదయితే సిగ్గులేదా అని. గరిట అంచుతో, సమానమైన ఎడంతో, డిక్టేషన్ చెప్పినట్టు కొట్టేది. నాలుగో అంతస్తులో కోస్త్యా, నలభై అయిదేళ్లవాడు, లారీ డ్రైవరు, ఆ చప్పుడు వింటే చాలు "క్లాసు మొదలైందిరా" అని పిల్లల్ని కూర్చోబెట్టేవాడు.

మెట్ల మీద ఎదురుపడితే ఇద్దరూ ఊరుకునేవారు కాదు.

"ఏమే రిమ్మా, నిన్న ఆ పాటల కచేరీ నీ ఇంట్లో జరిగిందా, నా ఇంట్లోనా? టికెట్టు లేకుండా విన్నాను" అనేది కాపా.

"ఉచితంగా విని పైగా దెప్పుతున్నావా. నీకు గరిట కొనిచ్చినవాణ్ణి అనాలి" అనేది రిమ్మా.

"చెవి మిషను పెట్టించుకోవే. తప్పేం కాదు."

"నా చెవికి మిషనా? యార్డులో అడుగు."

పోయిన జనవరి మూడో తారీకున, కొత్త సంవత్సరం సెలవులు. బయట సున్నాకు ఇరవై ఎనిమిది డిగ్రీలు దిగువన చలి, చెట్లు చిటపటమంటున్నాయి. అందరూ ఇళ్లలోనే ఉన్నారు, అన్ని ఇళ్లలోనూ తాగుళ్లూ తిండ్లూ పాటలూ. పొద్దున పదకొండింటికి గొట్టం మోగింది. రిమ్మా టీవీలో కచేరీ వస్తోంది. మూతి తిప్పుకుని కాస్త తగ్గించింది. మళ్లీ మోగింది. ఇంకాస్త తగ్గించింది. మళ్లీ. కట్టేసింది.

ఆమె ఒక్కతే కాదు. పైన కోస్త్యా పిల్లల్ని కసిరి మంచు మీద ఆడుకోమని తోలేశాడు. అయిదో అంతస్తువాళ్లు గోడకు బెజ్జాలు వేయడం ఆపేశారు. కింద మొదటి అంతస్తులో అకార్డియన్ వాయిస్తున్న ఆ ఇంటి అల్లుడు దాన్ని పెట్టెలో పెట్టేశాడు. ఒంటిగంటయ్యేసరికి పండగపూట ఆ మెట్లదారి మొత్తం చావింట్లోలా సద్దుమణిగింది. గొట్టం మాత్రం మోగుతూనే ఉంది.

రిమ్మాకు ఒళ్లు మండింది. టీవీ లేదు, కాళ్లకు ఊలు మేజోళ్లున్నాయి, కుర్చీ కూడా జరపలేదు. ఇక ఊపిరి తీయడం కూడా ఈవిడకు చప్పుడేనా అనుకుంది. అయితే ఆమె చెవి ఇంకో మాట చెప్పింది. ఈ చప్పుడులో లెక్క లేదు. రెండు కొట్టి ఆగుతోంది, ఒకటి కొట్టి ఆగుతోంది. ఎప్పుడూ చెయ్యెత్తు నుంచి వచ్చేది ఇవాళ నేల దగ్గరనుంచి వస్తోంది. దెబ్బలో పట్టు లేదు, మూలుగుతోంది. యార్డులో అయితే అలాంటి చక్రం దగ్గర ఆమె ఇంకో అడుగు వేసేది కాదు, ఎర్రజెండా ఎత్తేది. కానీ ఎదుట ఉన్నది చక్రం కాదు, కాపా. కాపాతో పంతం ఉంది. పంతం ఉన్నచోట చెవి ఏం చేస్తుంది?

మధ్యాహ్నం మూడింటికి లేచి గోడ మీది సుత్తి తీసింది. ఉన్న బలమంతా పెట్టి గొట్టం మీద ఒక్క దెబ్బ కొట్టింది. ఇల్లంతా అదిరింది. కిటికీ మీది పూలకుండీ కదిలింది.

కిందనుంచి చప్పుడు ఆగిపోయింది.

అయిదు నిమిషాలు చూసింది, పది నిమిషాలు చూసింది. మళ్లీ రాలేదు. రిమ్మాకు ఏడేళ్ల కసి తీరినట్టయింది. టీవీ పెట్టుకుని, గొంతు పూర్తిగా పెంచి, కమలాపళ్లు ఒలుచుకుని తింది. తర్వాత ఆమెను తినేసింది ఆ కమలాపళ్లే. ఎన్ని తిన్నదో, ఎంత తియ్యగా ఉన్నాయో అన్నీ గుర్తున్నాయి.

అయిదో తారీకున, త్యుమేన్‌లో ఉండే కాపా కూతురు ఎల్వీరా, అమ్మ ఫోనెత్తడం లేదని కోస్త్యాకు చెప్పింది. కోస్త్యా కిందికి వెళ్లాడు, అంబులెన్సు వచ్చింది, తర్వాత పోలీసు వచ్చాడు. రిమ్మా తలుపు తీయలేదు. తలుపుకున్న చిన్న అద్దంలోంచి, మోసుకెళ్లేవాళ్ల టోపీలు చూసింది. తుంటి ఎముక విరిగిందట, వంటింట్లో జారిపడిందట, ఫోను గదిలో ఉండిపోయిందట. పడ్డాక ఒక రాత్రీ ఇంకొంతసేపూ బతికే ఉందని డాక్టరు అన్నాడట. ఆ మాట విన్నప్పుడు మెట్ల మీద అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, నేల చూశారు. గొట్టం అందరిళ్లలోనూ మోగింది. పాపం ఆ మనిషి కొట్టినకొద్దీ, సాయం రావడానికి బదులు, మెట్లదారి మొత్తం ఇంకా ఇంకా బుద్ధిగా నోరు మూసుకుంది. అంత బుద్ధి నేర్పింది కూడా ఆవిడే.

ఆ పాపం అందరిదీ కాబట్టి పంచుకుంటే బరువు తగ్గింది. రిమ్మా వాటా మాత్రం ఎవరికీ తెలియదు. ఆ సుత్తి దెబ్బ ఏ అంతస్తుదో గొట్టం చెప్పలేదు.

పూడ్చిన మూడోరోజున, మధ్యాహ్నం మూడింటికి, రిమ్మా వంటింట్లో గొట్టం మోగింది. నేల దగ్గరనుంచి. రెండు, ఆగి ఒకటి. కిందిల్లు తాళం వేసి ఉంది. ఎల్వీరా నలభయ్యో రోజుకు వస్తానని త్యుమేన్ వెళ్లిపోయింది. రిమ్మా చేతిలో ఉన్న టీకప్పు బల్ల మీద పెట్టి, మోకాళ్ల మీద వంగి గొట్టానికి చెవి ఆనించింది. చెవి కాలింది. అయినా తీయలేదు. మళ్లీ మోగింది.

మర్నాడు గొట్టాల మేస్త్రీ ఫరీద్‌ని పిలిచింది. అతను చిన్న తాళంచెవితో గొట్టంలో గాలి వదిలి, బుస్సుమంటుంటే చెయ్యి పెట్టి చూశాడు.

"గాలి అత్తా. చలికి ఇనుము కుంచించుకుంటే అలాగే టకటకమంటుంది."

"గాలి నాకు తెలీదనుకున్నావా బాబూ? ఇది గరిట."

ఫరీద్ ఆమె మొహం చూసి, సంచి సర్దుకున్నాడు. "నువ్వు ఒంటరిగా ఉండకు అత్తా. బెంచీ మీద కూర్చో, నలుగురితో మాట్లాడు" అన్నాడు.

నలుగురితో ఏం మాట్లాడుతుంది? కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. తేలు కుట్టిన దొంగలా తిరిగింది. రోజూ మూడింటికి గొట్టం మోగేది. కొన్నాళ్లు ఆ వేళకు ఇంట్లో ఉండకుండా అడవిలో మంచు మీద నడిచింది. చెట్ల మీద వడ్రంగిపిట్ట కొడితే అక్కడే ఆగి దెబ్బలు లెక్కపెట్టింది. అడవి దాటి కాపా సమాధి దాకా వెళ్లి, మంచు మీద రొట్టెముక్క పెట్టి, నోరు పెగలక వెనక్కి వచ్చేది. చర్చిలో కొవ్వొత్తులు అమ్మే ముసలమ్మ, అడక్కుండానే, అందరికీ తెలిసిందే మళ్లీ చెప్పింది. "పోయినవాళ్లు నలభై రోజులు ఇంట్లోనే తిరుగుతారమ్మా. నలభయ్యో రోజు వెళ్లిపోతారు. ఏమన్నా చెప్పేదుంటే ఆలోపే."

నలభయ్యో రోజు దాటితే చప్పుడు ఆగిపోతుందని రిమ్మా ఆశ. దాటితే ఇక చెప్పడానికి ఎవరూ ఉండరని భయం. ఈ రెండిటి మధ్యా నలిగి, ఆ నెలన్నరలో ఆమె సగమైంది.

ఫిబ్రవరిలో ఎల్వీరా, ఆ మెట్లదారిలో అందరికీ ఎల్యా, వచ్చి తల్లి ఇంట్లో నలభయ్యో రోజు భోజనాల బల్ల వేసింది. ముందు తేనె, ఎండుద్రాక్ష కలిపిన గోధుమ మెతుకులు తలా మూడు చెంచాలు. తర్వాత అట్లు, కాపాకు ఇష్టమైన చిన్న చిన్న మాంసం బూరెలు. ఫోటో ముందు వోద్కా గ్లాసు, దాని మీద నల్లరొట్టె ముక్క. గ్లాసులు తాకించకుండా తాగారు. కోస్త్యా చిన్నప్పుడు ఎక్కం తప్పితే కాపా తనను మంచులో ఉత్త ఇంటి చెప్పులతో నిలబెట్టిన కథ చెప్పాడు. ఒకరిద్దరు నవ్వారు. తర్వాత అయిదో అంతస్తావిడ, ఉండబట్టలేక, ఆ రోజు గొట్టం మోగిన మాటెత్తింది. "మేమూ విన్నాం ఎల్యా. మమ్మల్నే తిడుతోందనుకున్నాం. తప్పయిపోయింది." ఒకరి తర్వాత ఒకరు అదే మాట అన్నారు. ఆడవాళ్లు ఏడ్చారు. రిమ్మా కూడా తలూపింది. అందరితోపాటు తలూపేస్తే అయిపోతుందేమో అనుకుంది.

ఎల్వీరా ఏడవలేదు. అచ్చు తల్లి మొహమే, గీత గీసినట్టు పెదాలు.

"గొట్టం సంగతి నాకు తెలుసు. ఈ ఇంట్లోనే పుట్టాను. ఎవర్నీ అనను" అంది. "ఇంకో సంగతి ఉంది. పోలీసు చెప్పొద్దంటే కోస్త్యా ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. అమ్మ వంటింట్లో లేదు. వీధి తలుపు దగ్గరుంది. తలుపు దగ్గరగా వేసే ఉంది గానీ తాళాలూ గొలుసూ తీసి ఉన్నాయి."

కోస్త్యా అవునన్నట్టు తలూపాడు.

"రెండు తాళాలు, ఒక గొలుసు. అవి వేసుకోకుండా అమ్మ ఇంట్లో ఒక్క నిమిషం కూడా ఉండదు. విరిగిన తుంటితో వంటింట్లోంచి అక్కడిదాకా పాక్కుంటూ వచ్చింది. స్టూలు దగ్గరికి లాక్కుని, దాన్ని పట్టుకుని తాళాలు తీసి, గరిట కాడతో గొలుసు లాగింది. ఎవరికో తీసింది. ఎవరో వచ్చారు. వచ్చి, అమ్మను నేలమీద చూసి, వెళ్లిపోయారు." ఎల్వీరా ఒక్కొక్కరి మొహమూ చూసింది. "నలభై రోజులుగా నాకు నిద్ర లేదు. ఎవరు వచ్చారో చెప్పండి. ఏమీ చేయను. పేరు చెప్పండి చాలు."

"మేం ఎందుకొచ్చి వెళ్లిపోతాం ఎల్యా, మనుషులం కాదా?" అన్నాడు మొదటి అంతస్తు అల్లుడు. కోస్త్యా అతని వైపు ఒక రకంగా చూశాడు. అతను కోస్త్యా వైపు ఇంకో రకంగా చూశాడు. అప్పటిదాకా కలిసి ఏడ్చినవాళ్లు కుర్చీల్లో కాస్త ఎడంగా జరిగారు.

రిమ్మా లేచింది. బల్ల పట్టుకుని నిలబడింది.

"ఎవరూ రాలేదు" అంది.

"నీకెలా తెలుసు అత్తా?"

"నాకే తీసింది కాబట్టి."

చెప్పింది. టీవీ, సుత్తి, ఒక్క దెబ్బ, అన్నీ. కమలాపళ్లు కూడా చెప్పింది. "నోరు ముయ్యమని కొట్టాను. కాపా మరోలా అనుకుంది. పొద్దుట్నించీ కొడుతుంటే మొట్టమొదటిసారి జవాబొచ్చింది గదా. వినపడింది, వస్తున్నానని నేను చెప్పినట్టు అనుకుంది. అందుకే కొట్టడం ఆపింది. అందుకే తలుపు తీయడానికి పాకింది." ఎల్వీరా వైపు తిరిగి, మళ్లీ అంది. "నా చెవి చెప్పింది ఎల్యా. ఇది మామూలు చప్పుడు కాదని చెప్పింది. వినలేదు. వినపడలేదని అబద్ధం చెప్పను."

కోస్త్యా గ్లాసు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఎల్వీరా లేచి వెళ్లి, వీధి తలుపు రెండు తాళాలూ తీసింది, గొలుసు తీసింది. తనను గెంటేస్తోందని రిమ్మా అనుకుంది, గెంటితే బాగుండుననీ అనుకుంది. శాలువా తీసుకుని నడిచింది.

"పైకెళ్లు అత్తా" అంది ఎల్వీరా.

"వెళ్తానమ్మా. మళ్లీ నీ కళ్లబడను."

"అది కాదు. మీ వంటింట్లోకి వెళ్లి, అక్కణ్ణించి రా. అమ్మ నీకోసం తలుపు తీసి కూర్చుంది. ఇవాళ్టి దాకా ఇక్కడే ఉంటుందంటారు. సాయంత్రానికి వెళ్లిపోతుంది. ఆలోపు రా."

ఆ గొంతులో కోపం లేదు, జాలీ లేదు. అది క్షమించడమో శిక్షించడమో రిమ్మాకు తెలియలేదు. పైకి వెళ్లింది. వంటింట్లో గొట్టం ఎదుట నిలబడింది. మూడు కావస్తోంది. గొట్టం పలకలేదు. అది వేడిగా, మౌనంగా ఉంది. ఆ మౌనం చప్పుడుకంటే ఎక్కువ భయపెట్టింది. వెనక్కి తిరిగి, ఇంటి చెప్పులతోనే, గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగింది.

కాపా తలుపు ఓరగా తెరిచి ఉంది. తోసింది. నడవలో అందరూ గోడలకు అంటుకుని నిలబడ్డారు, మధ్యలో నేల ఖాళీగా వదిలారు. రిమ్మా ఆ ఖాళీ ముందు కూలబడింది. చేత్తో నేల తడిమింది.

"వచ్చానే కాపా" అంది. "నేనే, రిమ్మాని. వచ్చాను."

ఎల్వీరా గోడ మీది గడియారం వైపు చూస్తూ నిలబడి ఉంది.

"మీ వంటింట్లోంచి ఇక్కడిదాకా రెండు నిమిషాలు కూడా పట్టలేదు" అంది.